ఒక్క చోట సరిచేస్తే అన్ని సైట్లలో సరవ్వాలి

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో కొందరు ఇంజినీరింగ్ విద్యార్థులు, కొందరు ప్రభుత్వ శాఖల ఐటీ విభాగాల్లో పనిచేస్తున్నవాళ్లు అని చెప్పారు. మంచిదైంది, ఎందుకంటే నేను చెప్పబోయేది మీ ఇద్దరూ కలిసి వినాల్సిన విషయమే. చూపు లేనివాళ్లు, చేతులు సరిగ్గా ఆడనివాళ్లు, చిన్న అక్షరాలు కనపడని పెద్దవాళ్లు, అందరూ ఇంకొకరి సాయం లేకుండా ప్రభుత్వ వెబ్‌సైట్లు వాడుకోవాలంటే ఏ సైట్‌వాళ్లు ఆ సైట్‌లో విడివిడిగా కష్టపడితే ఎన్నేళ్లకీ తెమలదు. అందరికీ కలిపి ఒక డిజైన్ సిస్టమ్ ఉండాలి, దాన్ని రోజూ చూసుకునే టీమ్ ఒకటి ఉండాలి. ఇదే నా మాట. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

డిజైన్ సిస్టమ్ అనగానే చాలామంది రంగులు, లోగో, ఫాంట్ అనుకుంటారు. అవి పైపై సంగతులు. అసలు సరుకు ఏంటంటే బటన్, టెక్స్ట్ బాక్స్, రేడియో బటన్లు, తేదీ అడిగే గడి, తప్పు చేస్తే వచ్చే మెసేజ్, టేబుల్, ఇలాంటి ముక్కలన్నీ ముందే రాసి, రకరకాల మనుషులతో, రకరకాల పరికరాలతో పరీక్షించి పెట్టిన కోడ్. దాంతో పాటు ఏ ముక్కని ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు అని రాసి పెట్టిన వివరణ. ఈ వివరణ లేకపోతే అది ఉత్త కోడ్ మూట.

ఒక చిన్న ముక్క తీసుకుందాం, టెక్స్ట్ బాక్స్. ఒక స్కాలర్‌షిప్ ఫారమ్ తెరిచారనుకోండి. బాక్స్ లోపల లేత బూడిద రంగులో 'మీ రేషన్ కార్డ్ నంబర్' అని ఉంటుంది, టైప్ చేయడం మొదలుపెట్టగానే అది మాయమైపోతుంది. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది. ఇంకో చోట బాక్స్ పైన పేరు రాసే ఉంటుంది, కానీ కోడ్‌లో ఆ పేరుకీ ఆ బాక్స్‌కీ ముడి వేయలేదు. ఈ రెండో రకం ఫారమ్‌లో స్క్రీన్ రీడర్, అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, వాడే అమ్మాయి ట్యాబ్ నొక్కుతూ వస్తే ఆమెకి వినపడేది ఏంటో తెలుసా? 'ఎడిట్, బ్లాంక్'. మళ్లీ ట్యాబ్, మళ్లీ 'ఎడిట్, బ్లాంక్'. ఇరవై గడులు ఉంటే ఇరవై సార్లు అదే. ఏ గడిలో ఏం రాయాలో తెలియదు. చివరికి ఏ తమ్ముడినో నెట్ సెంటర్ అబ్బాయినో బతిమాలుకోవాలి, తన ఆధార్ నంబరూ బ్యాంక్ వివరాలూ, ఫోన్‌కొచ్చిన ఓటీపీ కూడా వాళ్ల చేతిలో పెట్టాలి. లేబుల్‌ని బాక్స్‌కి కలిపే ఆ ఒక్క లైన్ కోడ్ లేకపోవడం వల్ల జరిగేది ఇదీ.

ఆ లైన్ రాయడం రాని డెవలపర్ ఉండడండీ. మరి ఎందుకు పడదు? పని నడిచే తీరు వల్ల. టెండర్‌లో 'సైట్ జీఐజీడబ్ల్యూ ప్రకారం ఉండాలి' అని ఒక వాక్యం ఉంటుంది, జీఐజీడబ్ల్యూ అంటే మన ప్రభుత్వ సైట్ల కోసం రాసిన మార్గదర్శకాలు. తక్కువ రేటు వేసినవాళ్లకి పని వస్తుంది. వాళ్లు పాత ప్రాజెక్ట్ నుంచి ఏదో టెంప్లేట్ తెచ్చి, లోగో మార్చి మొదలుపెడతారు. ఫలానా తారీకు ప్రారంభోత్సవం అంటారు, ఇక టెన్షన్ మొదలు. యాక్సెసిబిలిటీ ఆడిట్, అంటే వైకల్యం ఉన్నవాళ్లు కూడా సైట్ వాడుకోగలరా అని చూసే తనిఖీ, ఆఖర్న వస్తుంది, అప్పటికి 200 పేజీలు కట్టేసి ఉంటారు. ఆడిట్ వాళ్లు ఇచ్చిన జాబితాలో తేలికైనవి సరిచేస్తారు, మిగతావి 'తర్వాతి ఫేజ్‌లో' అంటారు. పక్క శాఖలో ఇంకో కంపెనీ సరిగ్గా అవే తప్పులు మొదటి నుంచి మళ్లీ చేస్తూ ఉంటుంది. ఇంటింటికీ నీళ్లు విడిగా కాచుకోమని చెప్తున్నాం తప్ప ట్యాంకు దగ్గర శుద్ధి చేయడం లేదు.

ఈ పని పద్ధతిగా చేసినవాళ్ల గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే వాళ్లు చేసిన ప్రతీదీ బయటపెట్టారు, ఎవరైనా చదువుకోవచ్చు. బ్రిటన్‌లో 2011లో గవర్నమెంట్ డిజిటల్ సర్వీస్ అని ఒక విభాగం పెట్టారు. అంతకుముందు ఏ శాఖకి ఆ శాఖ సైట్ ఉండేది. 2012 అక్టోబర్‌లో గవ్ డాట్ యూకే వచ్చింది, నెమ్మదిగా శాఖల సైట్లన్నీ అందులోకి చేరాయి. 2018 జూన్‌లో వాళ్ల డిజైన్ సిస్టమ్‌ని విడుదల చేశారు. కోడ్ అంతా ఎంఐటీ లైసెన్స్ కింద ఉంది, అంటే మీరూ నేనూ కూడా వాడుకోవచ్చు, వాళ్ల కిరీటం గుర్తూ వాళ్ల ఫాంటూ తప్ప.

అందులో నాకు బాగా నచ్చిన ఉదాహరణ నంబర్ గడిది. హెచ్‌టీఎంఎల్‌లో అంకెల గడి కోసం టైప్ ఈక్వల్స్ నంబర్ అని ఒకటుంది కదా, అందరం నేర్చుకున్నదే. వాళ్లూ అదే వాడేవాళ్లు. తర్వాత పరీక్షిస్తే ఏం తేలిందంటే, కర్సర్ ఆ గడిలో ఉండగా మౌస్ వీల్ తిప్పితే నంబర్ దానంతటదే మారిపోతోంది. నోటితో చెప్పి కంప్యూటర్ నడిపే డ్రాగన్ సాఫ్ట్‌వేర్‌తో ఆ గడిని ఎంచుకోవడం కుదరడం లేదు. ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌లో ఒక పద్ధతిలో వెళ్తే ఆ గడి పక్కనుండే పెంచే, తగ్గించే బటన్లు పేరు లేకుండా వినపడుతున్నాయి. దాంతో మామూలు టెక్స్ట్ గడికి మారారు, ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్ అని పెట్టారు, దానివల్ల ఫోన్‌లో అంకెల కీప్యాడ్ వస్తుంది, పై ఇబ్బందులు పోతాయి. 2020లో ఎందుకు మార్చామో పూర్తిగా రాసి పెట్టారు.

ఇప్పుడు మన సంగతి ఆలోచించండి. ఆధార్ 12 అంకెలు. కష్టపడి కొట్టి, పేజీ కిందికి జరుపుదామని వీల్ తిప్పితే ఆఖరి అంకె మారిపోతుంది. 'వివరాలు సరిపోలలేదు' అని వస్తుంది, ఎందుకో ఆ మనిషికి తెలియదు. కళ్లు బాగున్నవాళ్లు కూడా పట్టుకోలేని తప్పు ఇది. ప్రతి శాఖలో ప్రతి డెవలపర్ దీన్ని విడిగా కనిపెట్టి సరిచేయాలంటే కుదిరే పనేనా? ఒక టీమ్ కనిపెట్టాలి, ఒక ముక్కలో సరిచేయాలి, అది అందరికీ అందాలి.

తేదీ గడి కూడా అంతే. పుట్టిన తేదీకి క్యాలెండర్ బొమ్మ పెడతాం మనం. 1957లో పుట్టిన పెద్దాయన పెన్షన్ ఫారమ్‌లో నెల నెలా వెనక్కి వెళ్తే 800 సార్లకి పైగా నొక్కాలి. ఏడాది మార్చుకునే వీలు పైన ఎక్కడో ఉంటుంది, అది బటన్ అని ఎవరికీ అనిపించదు. గవ్ డాట్ యూకే వాళ్లు పుట్టిన తేదీ లాంటి గుర్తున్న తేదీలకి రోజు, నెల, సంవత్సరం అని మూడు మామూలు గడులు పెట్టారు, అంతే. అందంగా లేదంటారు కొందరు, కానీ కీబోర్డ్‌తో పనిచేస్తుంది, స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తుంది, వణికే చేత్తో కూడా అవుతుంది. ఇంకొకటి, ఫారమ్‌లో తప్పులుంటే పేజీ పైనే ఒక పెట్టెలో ఏమేం తప్పులున్నాయో వరుసగా చూపిస్తారు, ప్రతి తప్పూ ఒక లింక్, నొక్కితే నేరుగా ఆ గడికే తీసుకెళ్తుంది. స్క్రీన్ రీడర్ చదివే చోటు, అంటే ఫోకస్ కూడా ఆ పెట్టె మీదకే వెళ్తుంది, కాబట్టి చూపు లేనివాళ్లకి 'సబ్మిట్ నొక్కాను, ఏమైందో తెలీదు' అనే పరిస్థితి ఉండదు. మన ఫారమ్‌లలో గడి అంచు ఎర్రగా మారుతుంది. రంగు కనపడని మనిషికి ఏం తెలుస్తుందండీ?

అయితే ఒక మాట, ఇంత చేసినా, మా ముక్కలు వాడినంత మాత్రాన మీ సర్వీస్ యాక్సెసిబుల్ అయిపోదు అని వాళ్లే రాసుకున్నారు. పైగా కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ప్రతి సర్వీస్ టీమూ ప్యాకేజీని అప్‌డేట్ చేసుకోవాలి. చేసుకోకపోతే పాత తప్పు పాతగానే ఉంటుంది.

ఇక మన దగ్గరకి వద్దాం. మన దగ్గర ఏమీ లేదని అనుకోకండి. జీఐజీడబ్ల్యూ మొదటిసారి వచ్చింది 2009లో. 2023లో మూడో వెర్షన్ వచ్చింది, అందులో యాక్సెసిబిలిటీ భాగానికి ఆధారం డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ వెబ్ ప్రమాణం, 2.1 వెర్షన్, ఏఏ స్థాయి. ఐఎస్ 17802 అని మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఇచ్చిన ప్రమాణం ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది మీలో ఐటీ విభాగాలవాళ్లు తప్పకుండా చదవాలి. ఆ చట్టం కింద రాసిన నియమాల్లో, ప్రమాణాలు పాటిస్తే పాటించండి లేకపోతే లేదు అన్నట్టున్న 15(1) నియమం చట్టానికే విరుద్ధమని కొట్టేసి, తప్పనిసరిగా పాటించాల్సిన నియమాలు రాయమని కేంద్రానికి చెప్పింది. ఆ కేసులో కోర్టు కోసం క్షేత్రస్థాయి నివేదిక తయారుచేసింది మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగ అధ్యయన కేంద్రమే. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పు వచ్చింది. యాసిడ్ దాడికి గురైనవాళ్లు, చూపు లేనివాళ్లు కేవైసీ కోసం కెమెరా ముందు కళ్లు ఆర్పలేకపోతున్నారని వేసిన కేసులు అవి. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని కోర్టు తేల్చింది. ఇక దీన్ని 'తర్వాతి ఫేజ్' అనడానికి లేదు.

కోడ్ విషయానికొస్తే కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ వాళ్ల ఎస్3వాస్ ఉంది, ప్రభుత్వ సైట్లు కట్టి నడిపే ఉమ్మడి వేదిక అది. జిల్లా సైట్లు చూడండి, గుంటూరుదీ హైదరాబాద్‌దీ పక్కపక్కన తెరవండి, ఒకే కుదురు నుంచి వచ్చినవని తెలిసిపోతుంది. అదే ఎస్3వాస్. సైట్ సర్వీసుగా నడుస్తుంది కాబట్టి మధ్యలో ఒక చోట సరిచేస్తే అన్ని జిల్లాలకీ అందే వీలుంది, ఇందాక చెప్పిన ప్యాకేజీ పద్ధతి కంటే ఈ విషయంలో మనదే మేలు. కానీ అది సమాచారం పెట్టే సైట్లకి. జనం అసలు తిప్పలు పడేది దరఖాస్తుల దగ్గర, లాగిన్ల దగ్గర, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేసే దగ్గర, అంటే ఫారమ్‌ల దగ్గర. దానికి కేంద్ర ఐటీ శాఖ యూఎక్స్4జీ అని ఒక డిజైన్ సిస్టమ్ తెచ్చింది, ఫారమ్ ముక్కలు అందులో ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో కేంద్రం బ్రాండ్ మాన్యువల్ కూడా విడుదల చేసింది, ప్రభుత్వ సైట్లన్నీ ఒకే తీరులో కనపడాలని. ఇవన్నీ మంచి పనులే. వీటికి తెలుగు కలపాల్సిన పని మాత్రం మనదే, అది ఢిల్లీలో ఎవరూ చేసిపెట్టరు.

తెలుగు కలపడం అంటే అనువాదం అనుకుంటే పొరపాటు. 'రాష్ట్రం ఎంచుకోండి' అని ఒక బటన్ తీసుకోండి. ఇంగ్లిష్ కోసం ఎత్తు 36 పిక్సెల్స్ అని బిగించి పెట్టారు, లైన్ హైట్, అంటే ఒక్కో వరుసకి ఇచ్చే ఎత్తు, కూడా తక్కువ. తెలుగు పెట్టగానే 'ష్ట్ర' కింద ఉన్న వత్తులు సగం తెగిపోతాయి. అక్షరాల సైజు పెంచుకుని చూసేవాళ్లకి ఇంకా తెగిపోతాయి. ఎత్తు బిగించకుండా, లోపల ఖాళీ మాత్రం ఇచ్చి, లైన్ హైట్ కాస్త ఎక్కువ పెడితే సరిపోతుంది, అది బటన్ ముక్కలోనే ఒక్కసారి రాసి పెట్టేయాలి. 'సబ్మిట్' ఒక్క మాట అయితే 'దరఖాస్తు సమర్పించండి' రెండు పెద్ద మాటలు, ఫోన్ స్క్రీన్ మీద రెండో లైన్‌కి వెళ్తుంది, వెళ్లనివ్వాలి, మూడు చుక్కలు పెట్టి కత్తిరించకూడదు.

రెండోది, పేజీ భాష ఏంటో కోడ్‌లో చెప్పడం. పేజీ నిండా తెలుగే ఉంటుంది, పైన కోడ్‌లో మాత్రం లాంగ్ ఈక్వల్స్ ఈఎన్, అంటే భాష ఇంగ్లిష్ అని ఉంటుంది, ఎందుకంటే టెంప్లేట్‌లో అలా వచ్చింది. స్క్రీన్ రీడర్ దాన్ని నమ్మి ఇంగ్లిష్ గొంతుతో చదవబోతుంది, తెలుగు అక్షరాలని మింగేస్తుంది, లేదంటే అర్థంకాని శబ్దాలు చేస్తుంది. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ అనే గొంతులో తెలుగు ఉంది, ఆండ్రాయిడ్‌లో తెలుగు గొంతు ఉంది, అంతా ఉంది, చెప్పాల్సిన రెండక్షరాలు మనం చెప్పలేదు. భాష మార్చే బటన్ నొక్కగానే ఆ రెండక్షరాలు కూడా మారేలా డిజైన్ సిస్టమ్‌లోనే కట్టేస్తే ఇక ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

మూడోది పేరు. ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్ అని మూడు గడులు, మూడూ తప్పనిసరి. మనకి ఇంటిపేరు ముందు, కొందరికి ఒక్క అక్షరం, కొందరికి అసలు రాసుకునే అలవాటే లేదు. ఆధార్‌లో ఒకలా, టెన్త్ మెమోలో ఒకలా. సరిపోలక తిరస్కరించిన దరఖాస్తు వెనక ఈ మూడు గడులే ఉన్న సందర్భాలు చూశాను. గవ్ డాట్ యూకే వాళ్లు వీలైనంతవరకు పూర్తి పేరుకి ఒకే గడి పెట్టమంటారు. మనకైతే అది ఇంకా అవసరం.

నాలుగోదానికి డిజైన్ సిస్టమ్ దగ్గర మందు లేదు, అది పీడీఎఫ్‌లు. జీవో, నోటిఫికేషన్, లబ్ధిదారుల జాబితా, అన్నీ పీడీఎఫ్‌లే. కొన్ని కాగితాన్ని స్కాన్ చేసిన బొమ్మలు, స్క్రీన్ రీడర్‌కి అందులో ఏమీ లేనట్టే. ఇంకొన్ని అను ఫాంట్స్‌లో డీటీపీ చేసినవి, కంటికి తెలుగే, కాపీ చేసి ఇంకో చోట పేస్ట్ చేసి చూడండి, ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి, చూపు లేనివాళ్లు వినేది ఆ కలగాపులగాన్నే. అలాంటి పీడీఎఫ్‌లో మీ ఊరి పేరు వెతికినా దొరకదు. యూనికోడ్‌లో టైప్ చేసి మామూలు వెబ్ పేజీగా పెడితే ఈ బాధ లేదు, నోటో శాన్స్ తెలుగు, మండలి లాంటి ఫాంట్లు ఉచితంగానే ఉన్నాయి. ఇది డెవలపర్ చేతిలో లేదు, ఆఫీసులో టైప్ చేసేవాళ్ల దగ్గర, సంతకం పెట్టేవాళ్ల దగ్గర మారాలి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. సైట్ పక్కన చక్రాల కుర్చీ బొమ్మ ఉన్న ఒక బటన్ పెడుతున్నారు, నొక్కితే అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, రంగులు మార్చుకోవచ్చు, చదివించుకోవచ్చు. దాన్ని పెట్టి యాక్సెసిబిలిటీ పూర్తయిందని రాసేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. చూపు లేని మనిషి దగ్గర స్క్రీన్ రీడర్ ముందే ఉంది, దాంతోనే మీ సైట్ దాకా వచ్చారు. లేబుల్ లేని గడికి ఆ విడ్జెట్ వచ్చి సరైన లేబుల్ పెట్టలేదు. బొమ్మ క్యాప్చాని దాటించలేదు. ఆ డబ్బుతో స్క్రీన్ రీడర్ రోజూ వాడే ఇద్దరిని ఉద్యోగంలోకి తీసుకోండి, వాళ్లు మొదటి వారంలోనే మీకు తప్పుల పట్టిక రాసిస్తారు.

టీమ్ గురించి ఇందాక అన్నాను కదా, అది ఇలాంటి టీమే. నలుగురైదుగురు చాలు మొదట్లో. ఒకరు కోడ్, ఒకరు డిజైన్, ఒకరు తెలుగులో సూటిగా రాయగలిగినవాళ్లు, వైకల్యం ఉండి రోజూ సైట్లు వాడేవాళ్లు ఒకరిద్దరు, జీతం ఇచ్చి. శాఖల నుంచి 'ఈ గడి పనిచేయడం లేదు' అని వచ్చే ఫిర్యాదులు వీళ్లు చూడాలి, ముక్క సరిచేయాలి, ఏం మార్చారో ఎందుకు మార్చారో రాసి పెట్టాలి. ఈ మూడో పని మనం అసలు చేయం. రాయకపోతే రెండేళ్లకి కొత్త డెవలపర్ వచ్చి 'ఇదేంటి టెక్స్ట్ గడి పెట్టారు, నంబర్ పెట్టాలి కదా' అని వెనక్కి మార్చేస్తాడు. టెండర్‌లో కూడా ఆ ఒక్క వాక్యం తీసేసి, ఫలానా ముక్కలే వాడాలి, కొత్తది కడితే పరీక్షించి ఉమ్మడి సిస్టమ్‌లోకి తిరిగి ఇవ్వాలి, కీబోర్డ్‌తో మాత్రమే ఫారమ్ మొత్తం నింపి చూపిస్తేనే బిల్లు పాసవుతుంది అని రాయండి.

సభ నుంచి ప్రశ్న: మాది చిన్న శాఖ సార్, ఇద్దరమే డెవలపర్లం. మీరు చెప్పే టీమ్ వచ్చేదాకా మేం ఏం చేయాలి?

మంచి ప్రశ్న అడిగారు. సైట్ మొత్తం జోలికి వెళ్లకండి. మీ శాఖలో ఎక్కువమంది నింపే ఫారమ్ ఒక్కటి తీసుకోండి. అందులో మహా అయితే ఐదారు రకాల ముక్కలుంటాయి, టెక్స్ట్ గడి, రేడియో బటన్, తేదీ, ఫైల్ అప్‌లోడ్, తప్పుల పెట్టె, బటన్. వీటిని యూఎక్స్4జీ నుంచి తీసుకోండి, గవ్ డాట్ యూకే వివరణ పక్కన పెట్టుకుని చదవండి, తేడా ఉన్న చోట మీ ఫారమ్ నింపేవాళ్లతో పరీక్షించి చూడండి. ఎన్‌వీడీఏ ఉచితం, ఈ రాత్రే దించుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఉండే ఉంటుంది. మౌస్ పక్కన పెట్టేసి, స్క్రీన్ ఆపేసి మీ ఫారమ్ మీరే నింపండి. తర్వాత రోజూ స్క్రీన్ రీడర్ వాడే మనిషిని పిలిచి, ఆవిడ టైమ్‌కి డబ్బిచ్చి, పక్కన కూర్చుని చూడండి, మధ్యలో సాయం చేయకండి. మనం రెండు రోజులు నేర్చుకుని చేసే పరీక్షకీ ఆవిడ చేసే పరీక్షకీ చాలా తేడా ఉంటుంది. సరిచేసిన ఆ ఐదారు ముక్కల్నీ ఎందుకు అలా కట్టారో రాసి, పక్క శాఖవాళ్లు కూడా తీసుకునేలా ఒక రిపాజిటరీలో, అంటే ఉమ్మడి కోడ్ నిల్వలో పెట్టండి. పై నుంచి ఆర్డర్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, మీ అధికారి ఒక్కరు సరే అంటే చాలు, కావాలంటే ఇందాక చెప్పిన సుప్రీంకోర్టు తీర్పులు ప్రింట్ తీసి ఫైల్‌లో జత చేయండి.